మూడు సెంటీమీటర్ల మెలకువ

యాభై మిల్లీమీటర్ల లెన్స్‌ని ఎఫ్ 1.4 దాకా తెరిచి, మీటరు దూరంలో ఉన్న మనిషి ముఖం తీస్తే, ఫొటోలో స్పష్టంగా వచ్చే మేర ముందూ వెనకా కలిపి మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కంటిపాప మీద ఫోకస్ కుదిరితే రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ముక్కు కొన అప్పటికే మెత్తబడి ఉంటుంది, చెవి ఆనవాలుగా మిగులుతుంది. ఎస్సెల్లార్ కెమెరాలో ఈ తేడా అక్కడికక్కడే తెలుస్తుంది, ఎందుకంటే లెన్స్ చూసేదే మనమూ చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. దాని కిటికీలోంచి ముక్కూ, చెవీ, వెనకున్న గోడా అన్నీ ఒకే తేటగా కనిపిస్తాయి. మధ్యలోని చిన్న గడిలో రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చునేదాకా రింగు తిప్పడమే మన పని, ఆపైన కెమెరా మాట నమ్మాల్సిందే. అందుకే ఈ కెమెరాలకు ఫాస్ట్ ఫిఫ్టీలను పోల్చేటప్పుడు ఎంత వెలుతురు పడుతుంది, అంచుల్లో ఎంత పదును ఉంది అన్న లెక్కలు రెండో వరసలోకి పోవాలి. కెమెరా కొలిచిన దూరానికి లెన్స్ ఎంత నిజాయితీగా కట్టుబడి ఉంటుంది అన్నదే మొదటి ప్రశ్న.

ఆ కొలత ఎలా జరుగుతుందో చూస్తే ఇబ్బంది ఎక్కడుందో అర్థమవుతుంది. కెమెరా ముందున్న రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే దూరం అంత కచ్చితంగా తెలుస్తుంది. ఆ ఎడాన్ని వ్యూఫైండర్ చూపించే పరిమాణంతో గుణిస్తే అసలు బలం బయటపడుతుంది. 1954 నాటి లైకా ఎం3లో అది సుమారు 62 మిల్లీమీటర్లు, 0.72 ఫైండర్ ఉన్న ఎం కెమెరాల్లో దాదాపు 50. ఇక లెన్స్ వెనక ఒక లోహపు అంచు ఉంటుంది. ఫోకస్ రింగు తిప్పినప్పుడు అది కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది. ఈ నెట్టుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, పైన చెప్పిన మూడు సెంటీమీటర్లలో ఒకటి పోయినట్టే. లైకా లెన్స్ మీద 50 అని రాసి ఉన్నా దాని ప్రామాణిక నాభ్యంతరం నిజానికి 51.6 మిల్లీమీటర్లు. యుద్ధం తర్వాత జైస్ సోనార్ నమూనాలో సోవియట్ యూనియన్ తయారుచేసిన జూపిటర్-3 మంచి గాజే. కానీ అది జైస్ వారి కాంటాక్స్ కెమెరా కొలతల వారసత్వంలో పుట్టింది కాబట్టి, లైకా మీద దగ్గరి దూరాల్లో తరచూ గురి తప్పుతుంది. ఆ లెన్స్‌లో పదును లేదని తీర్పు చెప్పేవారిలో చాలామంది చూసింది గాజు లోపం కాదు, ఈ పొత్తు కుదరకపోవడమే.

సోనార్ కథ ఇక్కడ వివరంగా చెప్పుకోవాల్సిందే. 1925లో వచ్చిన మొదటి లైకాకు మాక్స్ బెరెక్ రూపొందించిన ఎఫ్ 3.5 లెన్స్ మాత్రమే. 1932లో జైస్ ఐకాన్ కాంటాక్స్‌తో పోటీకి దిగినప్పుడు లుడ్విగ్ బెర్టెలే తన సోనార్‌ను ఎఫ్ 1.5 దాకా తీసుకెళ్లారు. ఏడు గాజు పలకలను మూడే గుంపులుగా అతికించడం ఆయన చేసిన గొప్ప పని. గాలి తగిలే ప్రతి గాజు ముఖం దగ్గరా నాలుగైదు శాతం వెలుతురు వెనక్కి కొట్టుకుపోతుంది, అప్పటికి లెన్స్‌లకు పూత లేదు. మూడు గుంపులంటే ఆరు ముఖాలు. ఐదు శాతం చొప్పున లెక్కేస్తే వంద వంతుల్లో డెబ్బైమూడు మిగులుతాయి. 1936లో లైకా తయారీదారు లైట్జ్ అమ్మిన జెనాన్ ఎఫ్ 1.5లో ఐదు గుంపులు, పది ముఖాలు, మిగిలేది అరవై. పోయిన వెలుతురు ఊరికే పోదు, లోపల అటూ ఇటూ తగిలి నలుపుల మీద పొగలా పరుచుకుంటుంది. అంకెల్లో ఒకే ఎఫ్ 1.5 ఉన్నా ఆ రోజుల్లో సోనార్ బొమ్మకు నిగారింపు ఎక్కువ ఉండడానికి కారణం అదే. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా పేటెంట్ పొందిన పూత యుద్ధం తర్వాత అందరికీ అందాక ఈ ఆధిక్యం పలచబడింది. పూతతో ముఖాల బెడద తగ్గడంతో, లోపాలను ఇంకా బాగా సరిదిద్దగల డబుల్ గాస్ పద్ధతికి దారి తెరుచుకుంది. అయినా 1950లో నికాన్ తెచ్చిన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 సోనార్ బాటలోనే నడిచింది.

సోనార్ అందానికి ఒక వెల ఉంది. లెన్స్ అంచుల్లోంచి వచ్చే కిరణాలు నడిమి కిరణాలకంటే కొంచెం ముందే కలుసుకుంటాయి. పూర్తిగా తెరిచినప్పుడు ముఖం చుట్టూ పలచని వెలుగు ఒలికినట్టు కనిపించడానికి ఇది కూడా ఒక కారణం. ఎపర్చర్ తగ్గించగానే అంచు కిరణాలు ఆగిపోతాయి, నడిమివే మిగులుతాయి, దాంతో ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌కు ఈ సంగతి తెలియదు, గడిలో రెండు బొమ్మలు మునుపటిలాగే కలిసి కనిపిస్తాయి. జైస్ మళ్లీ తెచ్చిన సి సోనార్ ఎఫ్ 1.5ను మొదట ఎఫ్ 2.8కు సరిపోయేలా అమర్చారు. దాన్ని పూర్తిగా తెరిస్తే ఫోకస్ మనం గురిపెట్టిన చోటుకి ముందు పడేది. కన్ను అనుకుంటే కనుబొమ అంచు దొరికేది. ఎఫ్ 1.5కు అమర్చుకుంటే ఎఫ్ 2.8 దగ్గర వెనక్కి పోతుంది. ఎఫ్ 5.6 దాటాక ఈ తగవు కనబడదు. 2004లో పీటర్ కార్బె రూపొందించిన లైకా సమ్మిలక్స్ ఆస్ఫెరికల్ మాత్రం దగ్గరి దూరాల్లో లోపాన్ని సవరించుకునే కదిలే గాజు గుంపుతో, కొలిచిన చోటే నిలబడుతుంది. రేంజ్‌ఫైండర్ కోసమే పుట్టిన ఫిఫ్టీల్లో దానికి అగ్రపీఠం ఇవ్వడానికి నాకు ఈ ఒక్క గుణం చాలు. అలాగని సోనార్‌ను తోసిపుచ్చడం అన్యాయం. ఒక ఎపర్చర్ ఎంచుకుని దానికే అమర్చుకున్నవారికి, కేవలం 250 గ్రాముల బరువులో అది ఇచ్చే ముఖచిత్రం మరో లెన్స్ ఇవ్వదు.

ఇంతకన్నా ఫాస్ట్ లెన్స్‌ల సంగతి క్లుప్తంగా చాలు. 1961లో కానన్ 7 కోసం ఎఫ్ 0.95 వచ్చింది. లైకా 1966లో ఎఫ్ 1.2, 1970ల మధ్యలో కెనడాలో వాల్టర్ మాండ్లర్ చేసిన ఎఫ్ 1.0, 2008లో ఎఫ్ 0.95 నాక్టిలక్స్‌లు తెచ్చింది. గాజు విద్యగా మాండ్లర్ పనికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఎఫ్ 0.95 దగ్గర మన మూడు సెంటీమీటర్లు రెండుకు పడిపోతాయి, 335 గ్రాముల సమ్మిలక్స్ స్థానంలో 700 గ్రాములు మోయాలి, ఫైండర్ మూల లెన్స్ గొట్టం వెనక దాగిపోతుంది. కొలిచే కన్ను ఎదగకుండా గాజు ఒక్కటీ ఎదిగిన పోటీ ఇది.

డిజిటల్ కెమెరా ఐఎస్ఓ 6400 దగ్గర కూడా శుభ్రంగా తీస్తున్నప్పుడు ఎఫ్ 1.4 మాత్రం ఎందుకు, లైకా ఎఫ్ 2 సమ్మిక్రాన్ చాలదా అని అడగవచ్చు. పగటి పనికి చాలు, అందులో సందేహం లేదు. కానీ ఒక్క స్టాప్ విలువ తెలియాలంటే 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర గాంధీజీ మరణవార్త చెబుతున్న నెహ్రూను కార్తియే-బ్రెసాఁ తీసిన ఫొటో చూడాలి. చీకట్లో కదిలిన మనుషులు ఫిల్ము మీదా కదిలారు. సెకనులో ముప్పయ్యో వంతు అరవయ్యో వంతు కావడమంటే చెదిరిన చెయ్యి నిలబడడం. కెమెరా ఎంత మారినా చెయ్యి కదిలే వేగం మారలేదు. లైవ్ వ్యూ పెట్టుకుంటే ఫోకస్ జరగడం కనబడుతుంది కదా అన్నది మరో అభ్యంతరం. కనబడుతుంది, నిజమే. కానీ అప్పుడు చట్రం బయటి నుంచి నడిచి వస్తున్న మనిషి కనబడడు. ఆ మనిషి కోసమే కదా ఈ కిటికీ.

పాత ఫిఫ్టీ కొనేవారు కనీసం ఒక పరీక్ష చేసుకోవాలి. సన్నటి అక్షరాల పుస్తకాన్ని మీటరు దూరంలో ఏటవాలుగా నిలబెట్టి, నడిమి వరుస మీద గడిలో రెండు బొమ్మలనూ కలిపి, రింగు కదపకుండా ఎఫ్ 1.5, 2, 2.8, 4 వరసగా తీయాలి. సమ్మిలక్స్‌లో పదును ఆ వరుసను పట్టుకునే ఉంటుంది. సోనార్‌లో ఒక్కో ఫొటోకూ అది పుటలో కొంచెం కొంచెంగా వెనకవైపు జరుగుతుంది. ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, మనం ఎక్కువగా తీసే ఎపర్చర్‌కే అమర్చమని మెకానిక్‌కి ఆ పుట చూపించవచ్చు.