రెండు కత్తెరలు

‘పెద్దలకు మాత్రమే’ అనే ముద్రతో వచ్చిన కొరియా ప్రేమహాస్య చిత్రాలను కత్తిరింపులు లేకుండా, బొమ్మ స్పష్టంగా ఉన్న ప్రతిలోనే చూడాలని నేనంటాను. ఈ మాట వ్యాపారి కూడా అంటాడు. ‘అన్‌కట్’ అని అట్ట మీద వేసి శరీరాన్ని అమ్ముకోవడం అతని ఉద్దేశం. సాహిత్య విద్యార్థి ఉద్దేశం అది కాదు. నవలలో ఒక అధ్యాయం చింపేసి, మిగిలినదాన్ని విమర్శించమంటే మనం ఒప్పుకుంటామా? సినిమాకూ అదే న్యాయం.

సినిమాలకు ముందస్తు సెన్సారు రాజ్యాంగ విరుద్ధమని దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 1996లో తీర్పు చెప్పింది. మన దేశంలో అభ్యుదయ రచయిత కె.ఎ. అబ్బాస్ ఇదే ప్రశ్న లేవదీస్తే, సుప్రీంకోర్టు 1970లో సెన్సారునే సమర్థించింది. ఆయన డాక్యుమెంటరీలోని బొంబాయి వేశ్యావాటిక దృశ్యాల మీద పుట్టిన తగువది. అయితే ఆ తీర్పుతో కొరియాలో కత్తెర అటకెక్కిందనుకోవడానికి వీల్లేదు. సెన్సారు పోయినా వర్గీకరణ మిగిలింది.

2002లో పార్క్ జిన్‌ప్యో తీసిన ‘టూ యంగ్ టు డై’ సంగతి చూడండి. డెబ్బయ్యేళ్లు దాటిన నిజమైన దంపతులు తమ ప్రేమకథను తామే నటించారు. వాళ్ల అలకలు, తగాదాలు, పాటలు మనల్ని నవ్విస్తాయి. అందులో సుమారు ఏడు నిమిషాల శృంగార దృశ్యం ఉన్నందుకు వర్గీకరణ మండలి ‘పరిమిత ప్రదర్శన’ ముద్ర వేసింది. అటువంటి చిత్రాలు ఆడే థియేటర్లే లేనప్పుడు అది నిషేధం కాక మరేమిటి? చివరకు ఆ దృశ్యాన్ని చీకటి చేశాకే సినిమా జనం ముందుకు వచ్చింది. బొమ్మ నాణ్యత కేవలం సాంకేతిక విషయమనుకునేవారు ఇక్కడ ఆలోచించాలి. వృద్ధులకు కోరిక ఉండదనీ, ఉంటే సిగ్గుచేటనీ చెప్పే భూస్వామ్య నీతిని ఆ చిత్రం ఎదిరించింది. ముడతలు పడిన చర్మాన్ని వెలుతురులో చూపించడమే అది ఎదిరించిన పద్ధతి. ఆ వెలుతురు తీసేస్తే పోయేది రూపం ఒక్కటే కాదు, సారం కూడా.

హాన్ జేరిమ్ తొలి చిత్రం ‘రూల్స్ ఆఫ్ డేటింగ్’ (2005) బడిలో జరిగే కథ. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక అది నన్ను మరింత ఆలోచింపజేసింది. శిక్షణ కోసం వచ్చిన ఉపాధ్యాయిని వెంట, ఆమెకు మార్గదర్శిగా ఉండవలసిన ఉపాధ్యాయుడు సరసాల పేరుతో పడతాడు, బలవంతపెడతాడు. మొదట మనం నవ్వుతాం. కాసేపటికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. బలవంతపు దృశ్యాన్ని కోసేసి సరసపు మాటలను ఉంచితే అతను కొంటె ప్రేమికుడుగా మిగిలిపోతాడు. పడక దృశ్యాలను ఏరి ముక్కలుగా అమ్మితే ఆమె శరీరంగా మిగిలిపోతుంది. రెండు విధాలా తెర మీది నుంచి మాయమయ్యేది ఒకటే: పై ఉద్యోగికీ కింది ఉద్యోగికీ, మగవాడికీ ఆడదానికీ మధ్య ఉన్న అధికార సంబంధం.

ఈ చిత్రంలో లోపం లేకపోలేదు. పుకారు పుట్టగానే ముందుగా పోయేది ఆమె పరువే అన్న వాస్తవాన్ని దర్శకుడు పట్టుకున్నాడు. ఆమె అతని మీద వేధింపు ఆరోపణ చేయడం, అతని ఉద్యోగం పోవడం కూడా చూపించాడు. అంతదాకా వచ్చి, చివరికి ఇద్దరినీ మళ్లీ కలిపాడు. ప్రేమహాస్య చిత్రానికి సుఖాంతం ఉండి తీరాలన్న వ్యాపార సూత్రానికి ఇది లొంగుబాటేనని నా అభిప్రాయం. కాని ఈ మాట అనడానికైనా మొత్తం చిత్రం చూసి ఉండాలి.

నీతిపరుడి కత్తెర శరీరాన్ని తీసేసి కథను కాపాడానంటుంది. వ్యాపారి కత్తెర కథను తీసేసి శరీరాన్ని మిగులుస్తుంది. ఈ రెండు కత్తెరలకూ సాన పట్టేది ఒకే సంస్కృతి. ఎంత చూపించారన్న లెక్కను ఆ ఇద్దరికీ వదిలేద్దాం. ఎవరి పక్షాన నిలబడి చూపించారో తేల్చే బాధ్యత విమర్శకులది.