పాటలో కూర్చుని చేసిన పరిశోధన

పాటల మీద పరిశోధన అంటే మన ఊళ్లలో అందరికీ ఒకటే గుర్తుకొస్తుంది. ఎవరో రికార్డరు పట్టుకుని వస్తారు, ముసలమ్మల చేత పాడించుకుంటారు, వెళ్లిపోతారు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కిరి మిల్లర్ చదువు అలాంటిది కాదు. అందుకే మన టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు ఆమె పుస్తకాల గురించి తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం.

మొదటిది 'ట్రావెలింగ్ హోమ్' (2008). 'ది సేక్రెడ్ హార్ప్' అని 1844 నాటి క్రైస్తవ పాటల పుస్తకం ఒకటుంది. దాన్ని పట్టుకుని పాడే జనం గురించి ఇందులో రాశారు. నాలుగు గొంతుల వాళ్లు నాలుగు వైపులా, ముఖాలు లోపలికి పెట్టి కూర్చుంటారు. నడుమ ఖాళీ. వంతుల వారీగా ఒక్కొక్కరు అక్కడ నిలబడి పాట నడిపిస్తారు. ముందు స్వరాల పేర్లు పాడి, తర్వాతే మాటలు. వేదిక లేదు, చూసేవాళ్ల కోసం పాడడం లేదు. మధ్యాహ్నం అందరూ తెచ్చిన తిండి అందరూ తింటారు. థింసా ఆడినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. మిల్లర్ కూడా ఆ వరుసల్లో కూర్చుని పాడారు. ఆ పాటల మధ్యే పుట్టిన దక్షిణాది కుటుంబాలు ఒకవైపు, ఎక్కడో పట్నాల్లో పెద్దయ్యాక నేర్చుకుని వచ్చినవాళ్లు మరోవైపు. పాట ఎవరిది? ఆ చిక్కును ఆమె దాటవేయలేదు. ఆమె పుస్తకాల్లో మాకు ఇదే గట్టిదనిపిస్తుంది.

తర్వాత ఆమె వీడియో గేముల వైపు వెళ్లారు. 'ప్లేయింగ్ అలాంగ్' (2012)లో గిటార్ హీరో ఉంది. ప్లాస్టిక్ గిటారు మీద మీటలు నొక్కితే, ఎవరో ఎప్పుడో వాయించిన పాట వస్తుంది. ఇదీ ఒక సంగీతమేనా అని పెదవి విరిచేవాళ్లకు ఆమె ఆడేవాళ్ల మాటలే జవాబుగా చూపించారు. ఆట మొదలుపెట్టాక పాటను వేరేగా వింటున్నామని వాళ్లన్నారు. ఫోను పట్టుకున్న పిల్లవాణ్ణి చూడగానే కసిరే టీచర్లు ఇది చదవాలి. అయినా మాకో పేచీ ఉంది. తుడుము జోరు పెరిగితే మన కాళ్లు మారతాయి, కాళ్లు అలిస్తే తుడుమూ తగ్గుతుంది. గేములో ఉన్న పాట ఎవరి కోసమూ తగ్గదు.

'ప్లేయబుల్ బాడీస్' (2017) డాన్సు నేర్పే గేముల గురించి. ఆడేవాళ్లతోనే కాదు, గేము తయారుచేసేవాళ్లతో, అడుగులు కూర్చేవాళ్లతో కూడా ఐదేళ్లు మాట్లాడి రాశారు. అక్కడ అడుగు కూర్చినవారు ఫలానా అని చెప్పొచ్చు. ఇటుకల పండగ నాటి థింసా అడుగు ఎవరు కూర్చారు? ఊరు. ఊరి చేత సంతకం ఎలా పెట్టిస్తారు? మన పిల్లలు తీసిన థింసా వీడియో వేరే పాట అతికించుకుని, ఊరి పేరు పోగొట్టుకుని, తిరిగి మన ఫోన్లలోకే వస్తోంది. దీనికి జవాబు మిల్లర్ దగ్గర వెతకడం న్యాయం కాదు. ఆమె తన ఎదుట ఉన్న మనుషుల గురించి రాశారు. మన సంగతి మోరి ఊదే తాత పక్కన కూర్చుని, ఆయన భాషలో అడగగలిగినవాళ్లు రాయాలి. కాలేజీలో చేరాక మొదలుపెట్టక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా తమ ఫోనులో ఉన్న ఒక్కో వీడియోకి ఊరి పేరు, వాయించినవారి పేరు, బయట పెట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారో లేదో నోటుబుక్కులో రాయగలరు.