ఉప్పునకును ఉసిరికిని నడుమ గోదావరి

ప్రాణహిత గోదావరియందు లీనమగు చోట, కాళేశ్వర క్షేత్రమున కెదుటి గట్టున నున్న సిరోంచ, 1860లో నిజాము ప్రభువునుండి బ్రిటిషువారికి సంక్రమించి, 1982లో చంద్రపూర్ నుండి విడివడిన గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసయై, కచేరీలలో మరాఠీ వినవచ్చుచున్నను వంటయిండ్లలో తెలుగుసీమగనే నిలిచియున్నది. కార్తికము వచ్చుసరికి అచటి పెరళ్ళలోను, ఊరు దాటిన అడవులలోను ఉసిరి విరగగాయును. ఆ కాయలను ఉప్పున ఊరవేసి తొక్కుగా నిలువచేయు విద్య మన గృహిణులు సాధించిన సూక్ష్మకళలలో నొకటియని నా దృఢవిశ్వాసము.

మధ్యధరా సముద్ర తీరవాసులు పెరటి ఆలివ్ కాయలను ఊరవేయు పద్ధతి దీనికి చుట్టమే కాని, ఒకచోట దారులు వేరగును. చెట్టునుండి కోసిన ఆలివ్, ఓల్యూరోపీన్ అను పదార్థముచేత నోట బెట్టరానంత చేదుగా నుండుటవలన, దినదినము నీరు మార్చుచునో, ఉప్పునీట నెలలకొలది నానవైచియో ఆ చేదును కడిగి పారబోయుదురు. ఉసిరియందలి వగరు పారబోయదగినది కాదు. నాలుకను ఎండగట్టిన ఆ వగరే పిమ్మట త్రాగిన మంచినీటికి తీపి నిచ్చుచున్నది. కావున మనవారు చుక్క నీరైనను చేర్పరు. ఉప్పే కాయలోని రసమును వెలికి లాగును. కాయ తన రసముననే తాను ఊరును.

శ్రద్ధ కోతయందే ఆరంభమగును. రాలినవియు దెబ్బ తగిలినవియు పనికిరావు. లేత పసుపుచాయ దేరిన కాయలను చేతితో కోసి, కడిగి, పొడిగుడ్డతో నొత్తి, తడి పూర్తిగా ఆరువరకు నీడను పఱచి, రాతిరోట పసుపును దొడ్డుప్పును జేర్చి పచ్చడిబండతో దంచి, గింజల నేరివేయుదురు. కిలో కాయలకు సుమారు 200 గ్రాముల ఉప్పు పట్టును. ఇచట చేయి బిగబట్టిన యింట బూజు తప్పదు. ఇనుము తగులరాదన్న నియమము చాదస్తము కాదు: కాయలోని టానిన్లు ఇనుముతో గలిసి నల్లని పదార్థమై రుచిని చెఱచును, పూర్వము సిరా చేసినదియు ఈ సూత్రముతోడనే. జాడీలో గాలి చొరకుండ అదిమి, వాసెన గట్టి, మూడవనాడు ఊటతో తిరుగగలిపి మరల నదుముదురు. మాసములు గడచుకొలది తొక్కు తనంతట తానే నల్లబడును, వగరు మెత్తబడి పులుపులో ఒదుగును. కావలసినప్పుడు కొంత తీసి, కారమును వేయించిన మెంతిపొడియు గలిపి, ఇంగువ పోపు పెట్టిన చాలును.

అడవిలోని ఉసిరికాయకును సముద్రములోని ఉప్పునకును పొత్తు కుదిరినదని పెద్దలు అనుచుండుట ఈ సీమయందు అక్షరాల చరిత్ర. లంబాడీలు ఎడ్లమీద మోసి తెచ్చిన ఉప్పే అడవినాటికి ఆధారమైన దినములుండెను. ఆర్థర్ కాటన్ ఎగువ గోదావరిని నౌకాయానమున కనువుగ జేయవలెనని పట్టుబట్టినపుడు, దిగువకు ప్రత్తియు ఎగువకు ఉప్పును సాగవలెనన్నది ఆ యోచనలోని భాగము. దుమ్ముగూడెము, ఇంచంపల్లి మొదలగు చోట్ల రాతి అవరోధములను దాటించుటకై తలపెట్టిన పనులు 1871లో నిలిచిపోయెను. అంత దూరమునుండి వచ్చిన ఉప్పును జాడీలోనికి వెనుదీయక పోసిన ఇల్లాలు, ఆ తొక్కును ఎంత విలువైనదిగా నెంచెనో వేరుగ చెప్పనక్కరలేదు.

చకైయా, బనారసీ మొదలగు అంటురకముల పెద్దకాయలు నేడు సంతలకు వచ్చుచున్నవి. మురబ్బాకు అవి మేలే. తొక్కునకు మాత్రము, పీచు హెచ్చైనను, నేను చిన్న నాటుకాయనే కోరుదును. వగరు చాలని కాయ ఏడాది ఊరినను చప్పగనే యుండును. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసి సరసన ఉసిరికొమ్మ నాటి పూజించు ఇండ్లవారు, పెరట జాగా యున్నచో, ఒక నాటుమొక్కను గూడ పెంచవలెనని నా మనవి. గింజనుండి మొలిచినది కాపునకు వచ్చుటకు కొన్నియేండ్లు పట్టును; అందాక పొరుగు పెరటికాయలను అడిగి తెచ్చుకొనుటయందు నామోషీ యేమియు లేదు.