వర్ణలోపం – పాఠాంతరం: ఏకవర్ణ స్ప్రంకీ రూపాల పరిశీలన

కీలకపదాలు: ఇన్‌క్రెడిబాక్స్, స్ప్రంకీ, అనుసృజన, లోపం, పాఠాంతరం, కోయ పడిగె.

1. ఉపోద్ఘాతం:
భద్రాచలం మన్యప్రాంతపు డిగ్రీ తరగతిలో పాఠాంతరాలను గురించి చెబుతుండగా ఒక విద్యార్థి తన ఫోనులోని సంగీతక్రీడను చూపాడు. రంగులన్నీ తొలగించిన స్ప్రంకీ రూపమది. “ఉన్నవాటిని తీసేసినా పాఠాంతరమే అవుతుందా సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానాన్ని వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూలం – అభిమానుల అనుసృజన:
ఫ్రాన్సుకు చెందిన సో ఫార్ సో గుడ్ సంస్థ 2009లో ఇన్‌క్రెడిబాక్స్‌ను విడుదల చేసింది. తెరపై వరుసగా నిలిచిన బొమ్మలకు ఆటగాడు గుర్తులను తొడిగితే, ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క ధ్వనిఖండాన్ని పదేపదే వినిపిస్తుంది. అవన్నీ ఒకే లయలో కలుస్తాయి. 2024లో అభిమానుల సృష్టిగా వచ్చిన స్ప్రంకీ ఈ నమూనానే అనుసరించింది. అందులో పాత్రకు రంగే ప్రధానమైన గుర్తింపు. ఓరెన్ నారింజ, డర్పుల్ ఊదా, పింకీ గులాబి. పేర్లు సైతం రంగులనుంచి పుట్టినవే. నల్లని పాత్ర ప్రవేశించగానే ఉల్లాసభరితమైన దృశ్యం భయానకంగా మారుతుంది.

3. వర్ణలోపం నిర్వహించే కార్యం:
వ్యాకరణంలో లోపమంటే కనబడకపోవడం. ప్రత్యయం లోపించినా దాని కార్యం నిలుస్తుందని పాణినీయుల సిద్ధాంతం. ఏకవర్ణ రూపాలలో జరిగేదీ ఇదే. నారింజ రంగు లేని ఓరెన్‌ను ఆకృతినిబట్టి, ధ్వనినిబట్టి గుర్తించాలి. కన్ను చేసే పని చెవికి సంక్రమిస్తుంది. మూలం తెలిసిన ఆటగాడు లేని రంగును స్మృతిలో పూరించుకుంటాడు. అయితే తెరంతా నలుపే అయినప్పుడు నల్లని పాత్ర ప్రత్యేకత మరుగునపడుతుంది. దాని రాకకు ధ్వనిలోనో కదలికలోనో వేరొక సూచన కల్పించిన రూపమే సార్థకమవుతుంది. అలా కల్పించనిది కేవలం వెలిసిపోయిన ప్రతి.

4. పడిగెతో పోలిక:
ఈ ప్రాంతపు కోయల పడిగె త్రికోణాకారపు వస్త్రపతాకం. దానిపై ఉన్న బొమ్మల ఆధారంగా డోలి కళాకారులు ఆయా గట్టుల వంశగాథలను గానం చేస్తారు. క్రీడలోని గుర్తువలె ఇక్కడి బొమ్మ కూడా ధ్వనికి సూచికే. కానీ క్రీడలో గుర్తును తాకితే ధ్వని దానంతటదే వస్తుంది. పడిగెలోని బొమ్మ పాడగలవారు ఉంటేనే పలుకుతుంది. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య అటువంటి గాయకుడు. 2022లో పద్మశ్రీ పొందిన ఆయన 2024లో కన్నుమూశారు. పడిగెను నలుపు-తెలుపు చిత్రంగా పుస్తకంలో ముద్రిస్తే రంగు ఒక్కటే లోపిస్తుంది. గానం కూడా ఆగిపోతే ఆ లోపాన్ని పూరించే స్మృతే ఉండదు.

5. ముగింపు:
• తొలగింపు కూడా పాఠాంతరమే. మూలాన్ని ఎరిగిన పాఠకుడు ఉన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది.
• ఏకవర్ణ స్ప్రంకీ విలువ దాని నిరాడంబరతలో లేదు; అది చెవికి అప్పగించిన బాధ్యతలో ఉంది.
• స్ప్రంకీ స్మృతి వేలాది ఫోనులలో భద్రంగా ఉంది. పడిగె స్మృతి కొద్దిమంది గళాలలో మాత్రమే ఉంది. కనుక పడిగె చిత్రాలతోపాటు గానాన్నీ సేకరించడం మన పరిశోధకుల తక్షణ కర్తవ్యం.