మరపుకు రెండు వ్యాకరణాలు: వార్ధక్యం – డిమెన్షియా వివేచనలో తెలుగు భాష

ఉపోద్ఘాతం

వయసు మీరినవారిలో కొంత మరపు సహజం. డిమెన్షియాలో మరపు రోగలక్షణం. ఈ రెండింటినీ వేరుచేయడం వైద్యశాస్త్రానికి చెందిన పని అని సాధారణంగా భావిస్తారు. కానీ వైద్యుని వద్దకు చేరేసరికే ఆ మరపుకు ఇంట్లో ఒక పేరు పెట్టబడి ఉంటుంది. తల్లి ఒకే సంగతిని మళ్లీ మళ్లీ అడిగితే కొడుకు దానిని ‘చాదస్తం’ అంటాడు. తండ్రి దారి తప్పితే కోడలు ‘పెద్దతనం’ అంటుంది. పేరు పెట్టడంతోనే సగం నిర్ణయం జరిగిపోతుంది. భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో డిమెన్షియా 7.4 శాతమని, బాధితులు సుమారు 88 లక్షల మంది ఉంటారని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇంతమంది విషయంలో తొలి నిర్ణయం చేసేది కుటుంబ భాషే కనుక, ఆ భాషను పరిశీలించడం తెలుగు శాఖల పరిధిలోకి వచ్చే పనే. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక, మల్కాజ్‌గిరి పరిసరాలలోని బహుభాషా జీవితం నేపథ్యంగా ఆ పరిశీలన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు చేసే పని

తెలుగులో ఈ స్థితికి వాడుకలో ఉన్న మాటలు మూడు తరగతులుగా కనిపిస్తాయి. ‘మతిమరుపు’ మొదటిది. అద్దాలు ఎక్కడ పెట్టారో మరచిన అధ్యాపకునికీ, కన్నకూతురిని గుర్తించలేని వృద్ధురాలికీ ఇదే మాట వర్తిస్తుంది. తీవ్రతలో భేదాన్ని అది చూపదు. రెండవది ‘చాదస్తం’. వేదాధ్యయనపరుని సూచించే ‘ఛాందస’ శబ్దంతో దీనికి సంబంధం ఉంది. పట్టుదల, అతినియమం అనే అర్థాలు అందులో మిగిలి ఉండడంవల్ల, పునరుక్తి అనే లక్షణం స్వభావదోషంగా మారిపోతుంది. రోగి గుర్తులేక అడిగిన ప్రశ్నను ఇంటివారు మొండితనంగా వింటారు. మూడవది వైద్యరచనలలో డిమెన్షియాకు సమానార్థకంగా వాడే ‘చిత్తవైకల్యం’. ఇది పారిభాషికంగా కనిపించినా సామాన్య పాఠకునికి పిచ్చి అనే అర్థాన్నే స్ఫురింపజేస్తుంది. ఆ మాట విన్న కుటుంబం ఆసుపత్రికి వెళ్లడానికి జంకుతుంది.

మొదటి పదం రోగాన్ని వయసులో కలిపేస్తుంది. రెండవది రోగాన్ని నిందగా మారుస్తుంది. మూడవది రోగిని సమాజం నుండి వేరుచేస్తుంది. మూడింటి ఫలితం ఒకటే: ఆలస్యం. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం వంటి చికిత్సకు లొంగే కారణాలవల్ల కూడా జ్ఞాపకశక్తి మందగించవచ్చు. వినికిడి లోపమున్నవారు వినని మాటను మరచినట్టు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజులలోనే హఠాత్తుగా తికమక కలిగితే అది అంటురోగం వంటి అత్యవసర స్థితికి సూచన కావచ్చు. ‘పెద్దతనం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్న ఇంట్లో ఇవేవీ బయటపడవు.

‘యాదికి వస్తలేదు’, ‘యాది లేదు’

పదజాలం లోపభూయిష్ఠమైనా తెలుగు వాక్యనిర్మాణంలో సూక్ష్మమైన వివేచన ఉంది. తెలంగాణ వ్యవహారంలోని మూడు వాక్యాలు ఇందుకు ఉదాహరణ. వాటిలో మొదటి రెండు ఉర్దూ నుండి వచ్చిన ‘యాది’ శబ్దంతో ఏర్పడేవి. ‘ఆయన పేరు యాదికి వస్తలేదు’ అన్నప్పుడు పేరు ఎక్కడో ఉంది, రావలసి ఉంది, ఇంకా రాలేదు అని వక్త తానే గ్రహిస్తున్నాడు. రాక అనే క్రియ ఉనికిని సూచిస్తుంది. ‘ఆ సంగతి యాది లేదు’ అన్నప్పుడు ఉనికినే నిషేధిస్తున్నాడు, అయితే సంగతి జరిగిందని ఒప్పుకుంటున్నాడు. ‘నాకు ఎవ్వలు చెప్పలే’ అన్నప్పుడు మరపు ప్రసక్తే లేదు. జరిగిన సంఘటననే వాక్యం తుడిచివేస్తున్నది.

వైద్యులు చేసే ఒక ముఖ్యమైన విభజనకు ఇది దగ్గరగా ఉంది. సహజ వార్ధక్యంలో సమాచారాన్ని వెలికితీయడం నెమ్మదిస్తుంది. చిన్న ఆధారం అందిస్తే, లేదా కొంత సమయమిస్తే, పేరు తిరిగి వస్తుంది. అల్జీమర్స్ వ్యాధిలో కొత్త సమాచారం నిలువ కావడమే దెబ్బతింటుంది కనుక ఆధారమిచ్చినా ప్రయోజనం స్వల్పం. పైగా తన మరపును తానే గుర్తించి బాధపడే వ్యక్తికంటె, తనకేమీ కాలేదంటుండగా ఇంటివారు ఆందోళన చెందే వ్యక్తి విషయంలోనే వైద్యులు ఎక్కువ జాగ్రత్త వహిస్తారు. ఒక్క వాక్యాన్ని పట్టుకొని రోగనిర్ధారణ చేయడం మాత్రం పొరపాటు. ఆరోగ్యవంతులూ ‘ఎవరూ చెప్పలేదు’ అంటారు. నెలల తరబడి మొదటి వాక్యం తగ్గి మూడవ వాక్యం పెరుగుతున్నదా అన్నదే గమనించదగిన విషయం.

సర్వనామాల విషయమూ ఇటువంటిదే. డిమెన్షియాలో నామవాచకాలు జారిపోయి ‘అది’, ‘గదే’, ‘ఏదో’ వంటి మాటలు పెరుగుతాయని తెలిసినదే. కానీ కర్తను లోపింపజేయడం, ‘అది ఇటియ్యి’ అని సైగతో అడగడం తెలుగు సంభాషణలో సర్వసాధారణం. కనుక సర్వనామాల లెక్క ఒక్కటే చాలదు. వినేవారికి ‘అది’ ఏదో సందర్భాన్ని బట్టి తెలుస్తున్నదా, అడిగితే వక్త వివరించగలుగుతున్నాడా అన్నది పరిశీలించాలి.

హైదరాబాదు అధ్యయనం: ఒక విమర్శ

భాషకూ డిమెన్షియాకూ గల సంబంధంపై ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చిన పరిశోధన హైదరాబాదులోనే జరిగింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన ఈ అధ్యయనం 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంత ఇందులో సహరచయిత్రి. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించగా వారిలో 391 మంది ద్విభాషులు. ఏకభాషులకంటె ద్విభాషులలో వ్యాధి 4.5 సంవత్సరాలు ఆలస్యంగా ప్రారంభమైంది. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా కనిపించడం దీని విశిష్టత. విద్య ప్రభావాన్ని ద్విభాషా ప్రభావంగా పొరబడుతున్నారనే ఆక్షేపణకు అది సమాధానమైంది. రెండుకంటె ఎక్కువ భాషలు వచ్చినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు.

వలస వచ్చినవారే ద్విభాషులుగా ఉండే పాశ్చాత్య నగరాలలో వేరుచేయలేని అంశాలను హైదరాబాదులో వేరుచేయగలగడం ఈ అధ్యయనం బలం. అయితే ఇది ఆసుపత్రికి వచ్చినవారి వివరాలపై ఆధారపడినది. సమాజంలో దీర్ఘకాలం జరిపిన కొన్ని అధ్యయనాలు ఇతర దేశాలలో ఇటువంటి ఫలితాన్ని చూపలేదు. భాషాపరంగా మరొక ప్రశ్న ఉంది. వ్యాధి ప్రారంభమైన వయసును ఇటువంటి అధ్యయనాలలో కుటుంబసభ్యులు చెప్పిన దానిని బట్టి నిర్ణయిస్తారు. ‘మొదట ఎప్పుడు గమనించారు?’ అన్న ప్రశ్నకు జవాబే ఆ అంకె. తొలి రెండేళ్ల లక్షణాలను చాదస్తంగా భావించిన కుటుంబం రెండేళ్లు ఆలస్యమైన వయసునే చెబుతుంది. ఈ అలవాటు రెండు వర్గాలలోనూ సమానమైతే తేడా చెక్కుచెదరదు. సమానమేనా అన్నది తేల్చవలసింది భాషావ్యవహార పరిశీలన. 4.5 అనే సంఖ్య వెనుక వందలాది ఇళ్లలో చెప్పుకున్న కథనాలున్నాయన్న స్పృహ ఆ అధ్యయనం విలువను తగ్గించదు. దానిని చదవవలసిన పద్ధతిని చెబుతుంది.

పరీక్షలోని ప్రశ్నలు, మల్కాజ్‌గిరి జవాబులు

1975లో ఫోల్‌స్టీన్ బృందం రూపొందించిన మానసిక స్థితి పరీక్షలో తేదీ, వారం, ఋతువు, ఊరు, జిల్లా, రాష్ట్రం వంటివి అడుగుతారు. మల్కాజ్‌గిరిలో 1950లో పుట్టి అక్కడే జీవించిన వ్యక్తిని ఊహించవచ్చు. ఆ వ్యక్తి ఇల్లు మారకుండానే హైదరాబాదు రాష్ట్రం, 1956 నుండి ఆంధ్రప్రదేశ్, 2014 నుండి తెలంగాణ చూశాడు. జిల్లా 1978లో రంగారెడ్డి అయింది, 2016లో మేడ్చల్–మల్కాజ్‌గిరి అయింది. జిల్లా ఏదంటే ‘రంగారెడ్డి’ అన్న జవాబు తప్పే, కానీ దాదాపు నాలుగు దశాబ్దాలు అదే సరైన జవాబు. ‘కొత్త జిల్లా వచ్చింది కదా’ అని ఆధారమిస్తే సరిదిద్దుకోగలరా అన్నదే అసలు పరీక్ష.

కాలానికి సంబంధించిన ప్రశ్నలూ అంతే. గురువారాన్ని ‘బేస్తారం’ అన్నవారు సరిగానే చెప్పారు. ఆంగ్ల తేదీ చెప్పలేని గృహిణి తిథిని తడుముకోకుండా చెప్పవచ్చు. బొమ్మ చూసి ‘ఆలుగడ్డ’, ‘ఉల్లిగడ్డ’, ‘అంగీ’ అన్న జవాబులను ‘బంగాళాదుంప’, ‘ఉల్లిపాయ’, ‘చొక్కా’ అన్న కాగితంతో పోల్చి తప్పు వేయకూడదు. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమనే అంశంలో ‘ప’ అంటే ‘పలక’ మాత్రమేనా, ‘పిల్లి’, ‘పూలు’ కూడానా? గుణింతాలతో అక్షరం నేర్చినవారికీ, చదువే లేనివారికీ ఆ ప్రశ్న ఒకటి కాదు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న తార్నాక వృద్ధుడు ఎక్కాలను ఉర్దూలోనే గుణించుకుంటాడు. అతనిని తెలుగులో లెక్క అడిగితే కొలిచేది అనువాద వేగాన్ని.

ఈ సమస్యను పరిశోధకులు గుర్తించకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కోసం 1995లో వెలువడిన హిందీ రూపంలో వాక్యం రాయమనడానికి బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. భారతీయ వైద్య పరిశోధనా మండలి నేతృత్వంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో పరీక్షా సాధనాలు తయారయ్యాయి. కానీ ‘తెలుగు’ అన్న ఒక్క రూపం మాండలికాలన్నిటికీ చాలదు.

పని అనే కొలమానం

మరపుకంటె నమ్మదగిన గీత రోజువారీ పని. డిమెన్షియా అనడానికి జ్ఞాపకం తగ్గడం ఒక్కటే చాలదు. స్వతంత్ర జీవనం దెబ్బతినాలి. చిల్లర లెక్క, మందుల వేళ, వండే క్రమం, తెలిసిన దారి – వీటిలో మునుపటి స్థాయి తప్పిందా అన్నది ముఖ్యం. ఉమ్మడి కుటుంబంలో ఈ గీత కూడా మసకబారుతుంది. ‘ఇంక మీకెందుకు, కూర్చోండి’ అని గౌరవంతోనే పనులు తప్పించినచోట, చేయలేకపోవడం బయటపడే అవకాశముండదు. అందువల్ల వైద్యుడు ‘చేస్తారా?’ అని కాక ‘చేయవలసివస్తే చేయగలరా?’ అని అడగాలి. తెలుగులో ‘చేయరు’, ‘చేయలేరు’ అనే రెండు రూపాలు ఈ తేడాను స్పష్టంగా పలుకుతాయి. ఇంటివారు మొదటిది అంటున్నప్పుడు రెండవది దాగి ఉందేమో వినాలి.

ముగింపు

సహజమైన మరపునూ వ్యాధినీ వేరుచేయడానికి అవసరమైన సూక్ష్మత తెలుగు వ్యాకరణంలో ఉంది. వాడుకలోని పేర్లలో లేదు. ‘చిత్తవైకల్యం’ స్థానంలో కించపరచని, పరిధి స్పష్టమైన మాటను స్థిరపరచడం, పరీక్షా సాధనాలకు మాండలిక రూపాల పట్టికలు సమకూర్చడం, కుటుంబాల కథనాలను సంభాషణా విశ్లేషణ పద్ధతిలో సేకరించడం తెలుగు, భాషాశాస్త్ర శాఖలు వైద్యులతో కలిసి చేయదగిన పనులు. ఉస్మానియా ప్రాంగణానికి అటువంటి సహకారం కొత్త కాదని 2013 నాటి అధ్యయనం నిరూపించింది. ‘నాకు ఎవ్వలు చెప్పలే’ అన్న వాక్యాన్ని అబద్ధంగానో మొండితనంగానో కాక లక్షణంగా వినగలిగిన ఇంట్లో, వృద్ధులకు చికిత్సతోపాటు మర్యాద కూడా సకాలంలో అందుతుంది.