పిల్లిని అడగండి

బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిన అయిదేళ్ళ పిల్లను ‘ఏమైంది?’ అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘ఏం కాలే.’ గట్టిగా అడిగితే ఏడుపు. ఇంకా గట్టిగా అడిగితే, మనం ఏం వినాలనుకుంటున్నామో కనిపెట్టి అదే చెప్పేస్తుంది. ఈ మూడో జవాబంటేనే నాకు భయం. మొదటి రెండింటిలో అబద్ధం లేదు.

జగిత్యాల వైపు ఒక ఊళ్ళో శనివారాలు చిన్నపిల్లలతో కూర్చుని ఆడటం నా పని. ఒక రేకుపెట్టె ఉంటుంది. అందులో లక్కపిడతలు, రంగు పోయిన కొండపల్లి బొమ్మలు, చెవి తెగిన బట్టపిల్లి, ఒక అంబులెన్సు, గవ్వలు, వైకుంఠపాళి పటం, ఖాళీ సబ్బుపెట్టె. సబ్బుపెట్టె అంటే ఫోను. ఇక్కడ చాలామంది పిల్లల లెక్కలో నాయిన దుబాయ్‌లో ఉండడు, మస్కట్‌లో ఉండడు, ఫోన్ల ఉంటడు. అందుకే వంటాటలో అందరితోపాటు సబ్బుపెట్టె ముందూ ఒక పళ్ళెం పెడతారు.

ఒకసారి ఒక పాప అందరికీ ఇసుకన్నం వడ్డించి, పిల్లిని మాత్రం స్టూలు కిందికి తోసేసింది. ఎందుకని పాపను అడగలేదు. వంగి పిల్లినే అడిగాను: “నువ్వెందుకు తింటలేవు?”

పాప గొంతు సన్నం చేసి పిల్లి తరఫున చెప్పింది. “ఫోన్ల మాట్లాడుమంటరు. నాకేం మాట్లాడాల్నో తెల్వది.”

“మరి మాట్లాడకుంట ఏం చేద్దామనుకుంటున్నవ్?”

“తోక చూపిస్త.”

అంతే. పిల్లి చెప్పినదాని గురించి పిల్లితోనే మాట్లాడాలి. అక్కడెవరైనా ‘ఆ పిల్లివి నువ్వే గదనే!’ అని నవ్వారో, ఆట అక్కడితో సరి. వచ్చే శనివారం ఆ పిల్లి పెట్టెలోంచి బయటికి కూడా రాదు. ఈ పనిలో నేర్చుకోవలసిన కష్టమైన విద్య ఇదే: అర్థమైన సంగతిని అర్థమైందని చాటుకోకుండా ఉండటం. మనం తెలివిగలవాళ్ళమని పిల్లలకు చూపించుకోవాలన్న తహతహ పెద్దవాళ్ళలో ఎంత ఉంటుందో ఈ పెట్టె ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది.

ఇది నేను కనిపెట్టింది కాదు. కొడుకులతో కలిసి నేల మీద బొమ్మలు పరిచి ఆడిన ఆటల గురించి హెచ్.జి. వెల్స్ 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అనే చిన్న పుస్తకం రాశాడు. అది మనసులో పెట్టుకున్న మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరు 1920ల చివర్లో లండన్‌లోని తన క్లినిక్‌లో ఇసుక తొట్టె, చిన్న చిన్న బొమ్మలు పెట్టింది. పిల్లలు వాటితో కట్టినదాన్ని ‘ప్రపంచం’ అనేవారు. ఆమె ఆ ప్రపంచాన్ని చూసేది. తర్వాతి కాలంలో డొనాల్డ్ విన్నికాట్ అనే మరో పిల్లల డాక్టరుకి అంత సరంజామా కూడా అక్కర్లేకపోయింది. కాగితం, పెన్సిలు చాలు. ఆయనొక పిచ్చిగీత గీస్తే పిల్లవాడు దాన్ని ఏదో ఒక బొమ్మగా మార్చాలి. తర్వాత పిల్లవాడు గీస్తే ఆయన మార్చాలి. నాకు ఆ రెండో సగమే నచ్చుతుంది. పెద్దాయన కూడా తన వంతు ఆడాడు.

మా వైకుంఠపాళిలో కూడా అదే పద్ధతి. పాము మింగితే ఈ వారం బాధపెట్టిన సంగతి ఒకటి, నిచ్చెన దొరికితే సంతోషపెట్టినది ఒకటి చెప్పాలి. చెప్పబుద్ధి కాకపోతే ‘పాస్’ అనొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మొదటి పాము నాకే పడాలని లోలోపల కోరుకుంటాను. నేను నిజం చెబితేనే వాళ్ళూ చెబుతారు. అయితే అది పిల్లలు మోయగలిగినంత నిజమై ఉండాలి. ‘బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయింది, కోపంతో చెప్పు నేలకేసి కొట్టాను’ అనొచ్చు. ఇంటి అప్పుల గోల వాళ్ళ నెత్తిన పెట్టకూడదు.

ఒక ఆరేళ్ళవాడు పైదాకా వెళ్ళి పెద్దపాము నోట్లో పడ్డాడు. పటం ఎత్తి విసిరేశాడు. గవ్వలు గదంతా. కోపం గురించి మాట్లాడిద్దామని పెట్టుకున్న ఆటలోకి కోపమే నడిచి వస్తే అంతకన్నా ఏం కావాలి? ఇద్దరం గవ్వలు ఏరుతుంటే, “ఈ పాముకు ఏం శిక్ష వేద్దాం?” అన్నాను.

“గోడ పొంటి నిలవెట్టాలె. అందరు నవ్వాలె.”

ఎవరు నవ్వారని నేను అడగలేదు. ఆ పామును గోడకు నిలబెట్టాం, నవ్వడం మాత్రం మానుకున్నాం. తర్వాతి వారం వాడంతట వాడే చెప్పాడు, ఎక్కడ నిలబడ్డాడో, ఎందుకో.

నవ్వుమొహం, ఏడుపుమొహం అచ్చేసి ‘నువ్వివాళ ఏది?’ అని అడిగే చార్టులు ఇప్పుడు ప్రతి గోడకూ కనిపిస్తున్నాయి. నాకు వాటి మీద నమ్మకం తక్కువ. టీచరుకు నవ్వుమొహమే ఇష్టమని పిల్లలకు రెండో రోజుకే తెలిసిపోతుంది.

ఒక్కోసారి ఆటలో మన గుండె ఝల్లుమనే మాట వస్తుంది. అప్పుడు బొమ్మల చేత సాక్ష్యం చెప్పించకూడదు, వివరాలు తవ్వకూడదు. పిల్ల ఎలా అన్నదో అలాగే రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. రహస్యం కాపాడటం అన్న మాట ఇక్కడ పనికిరాదు.

మిగతా రోజుల్లో మాత్రం రహస్యం రహస్యమే. గుమ్మం దగ్గర తల్లులు ‘ఏం చెప్పింది మేడం?’ అంటారు. పాప వింటుండగా చెప్పగలిగినదే చెబుతాను, అదీ పాపను అడిగాక. తోక సంగతి అలాగే ఆమె అనుమతి తీసుకుని తల్లికి చెప్పాను. తల్లి భర్తకు చెప్పింది. ఇప్పుడాయన ‘మంచిగ చదువుతున్నవా, అమ్మ మాట వింటున్నవా’ అని మొదలుపెట్టకుండా, ‘పిల్లి ఏం చేస్తుంది?’ అని అడుగుతున్నాడట. పిల్లి కబుర్లకు అరగంట కూడా చాలడం లేదని తల్లి ఫిర్యాదు. పిల్లికి పాస్‌పోర్టు తియ్యమని ఈమధ్య పాప ఇంట్లో ఒకటే పోరు.