సైనికుడి ముందు ఏ వంత పాడాలి?

యుద్ధం వచ్చిన ప్రతిసారీ మన సాంస్కృతిక రంగంలో ఒక పాత ప్రశ్న మళ్లీ తల ఎత్తుతుంది. యుద్ధభూమిలో ఉన్న సైనికుల్ని అలరించడానికి కళాకారులు వెళ్లాలా, వద్దా? దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ప్రాణాలొడ్డే జవానుకు ఒక పూట వినోదం పంచడం కళాకారుడి కనీస ధర్మమన్నది ఒకటి. పాలకవర్గాల యుద్ధానికి పాటతో ఊడిగం చేయడం ప్రజాకళాకారుడికి తగదన్నది రెండోది. మొదటిది సన్మాన వేదికల మీద వినిపిస్తుంది, రెండోది మన మధ్య వినిపిస్తుంది. రెండూ వెళ్లడం, వెళ్లకపోవడం దగ్గరే ఆగిపోతాయి. వెళ్లినవాడు ఏం పాడాడు, ఆ పాటను ఎంచినవాడెవడు అని విచారించవు. విమర్శకుడి పని అక్కడే మొదలు కావాలి.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి దూరపుది కాదు. సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంలో 1984లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వెలిసింది. పదాతి దళాన్ని మోసుకుపోయే 'సారథ్' యుద్ధ శకటాలు అక్కడ తయారవుతాయి. 2021 అక్టోబరు నుంచి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద నడుస్తోంది. పటాన్‌చెరు దాపున భానూరులో క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్ వారి కర్మాగారం ఉంది. శకటానికి వెల్డింగు చేసే కార్మికుడూ, అందులో కూర్చుని సరిహద్దుకు పోయే జవానూ చాలావరకు ఒకే తరహా ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. ఆ కార్మికుణ్ణి 'నువ్వు యుద్ధానికి పనిచేయవచ్చునా?' అని ఎవరూ నిలదీయరు. గాయకుణ్ణి మాత్రం నిలదీస్తారు. అందుకు కారణం లేకపోలేదు. ఇనుము మాట్లాడదు, పాట మాట్లాడుతుంది. మాట్లాడేదేదైనా తన మాటకు జవాబు చెప్పుకోవాలి.

ఈ చర్చకు కావలసిన కొలమానం మన చరిత్రలోనే ఉంది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టేనాటికి రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. సోవియట్ యూనియన్ మీద హిట్లర్ దాడి చేసిన తర్వాత కమ్యూనిస్టులు దాన్ని ప్రజాయుద్ధంగా ప్రకటించారు. ఆ రాజకీయాన్ని ఊరూరికీ మోసిన కళారూపం బుర్రకథ. దాని నిర్మాణం విద్యార్థులు జాగ్రత్తగా పరిశీలించవలసిన విషయం. నడుమ తంబురా పట్టిన కథకుడు ఉంటాడు. అతనికి ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. ఒకడు నవ్విస్తాడు. మరొకడు కథను ఆపి, నేటి సంగతేమిటని నిలదీస్తాడు. షేక్ నాజర్ వంటి మహా కళాకారుడు ఫాసిజానికి వ్యతిరేకంగా నిలబడిన వేదిక మీదనే బెంగాల్ కరువునూ బుర్రకథగా చెప్పాడు. సుమారు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకున్న ఆ కరువు, యుద్ధం నడిపిన ప్రభుత్వం పాలనలో, యుద్ధకాలపు విధానాల నీడలోనే వచ్చింది. యుద్ధాన్ని సమర్థిస్తూనే, ఆ యుద్ధం జనానికి ఏం చేస్తున్నదో చెప్పే స్థలం ఆ రూపంలో ఉన్నది.

అయితే ఆ దశను గుడ్డిగా కీర్తించనవసరం లేదు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో జైళ్లు నిండుతుంటే, ప్రజాయుద్ధ పంథా మన కళాకారుల్ని ఆ ఉద్యమానికి ఎడంగా నిలబెట్టింది. రాజకీయ వంత నోటికీ అప్పుడు కొంత కళ్లెం పడింది. యుద్ధం న్యాయమైనదని నమ్మినప్పుడు కూడా ప్రశ్నించే గొంతును కాపాడుకోవడం ఎంత కష్టమో ఆ అనుభవం నేర్పుతుంది.

ఇక ప్రభుత్వాలు నడిపిన సైనిక వినోదం సంగతి. 1962 చైనా యుద్ధం తర్వాత సునీల్ దత్, నర్గిస్‌ల అజంతా ఆర్ట్స్ బృందం సరిహద్దు శిబిరాల్లో ప్రదర్శనలిచ్చింది. 1967లో కేంద్ర ప్రభుత్వపు సాంగ్ అండ్ డ్రామా డివిజన్, మారుమూల సరిహద్దుల్లోని జవాన్ల వినోదం కోసమే ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఎముకలు కొరికే చలిలో, ఇంటికి వేల మైళ్ల దూరంలో ఉన్న మనిషికి ఒక పాట ఎంత ఊరటో తెలియనిది కాదు. ఆ కళాకారుల శ్రమను తక్కువ చేయడం కుసంస్కారం. కాని ఈ తరహా ఏర్పాటు స్వభావాన్ని చూడాలి. అది బుర్రకథ బృందంలోంచి హాస్య వంతను మాత్రమే పిలుస్తుంది. రాజకీయ వంతను గేటు బయటే ఆపేస్తుంది. జవానుకు నవ్వే హక్కు ఇస్తుంది, అడిగే హక్కు ఇవ్వదు.

ఇది మన దేశానికే పరిమితమైన లక్షణం కాదు. 1964 నుంచి 1972 వరకు ఏటా క్రిస్మస్‌కు బాబ్ హోప్ వియత్నాంలోని అమెరికా సైనికుల ముందు హాస్య ప్రదర్శనలిచ్చాడు. అందుకు పోటీగా 1971లో జేన్ ఫోండా, డోనాల్డ్ సదర్లాండ్ తదితరులు ఒక ప్రదర్శనను తయారుచేసి, సైనిక స్థావరాల దాపునే ఆడారు. అందులోనూ పాటలున్నాయి, హాస్యముంది. కాని ఆ హాస్యం అధికారుల మీద, యుద్ధం మీద. వాళ్లు సైనికుణ్ణి వెలివేయలేదు. అతని దగ్గరికే వెళ్లి, అతని మనసులో ఉన్న అనుమానానికే గొంతు ఇచ్చారు. యుద్ధాన్ని వ్యతిరేకించేవాడు సైనికుడికి దూరంగా ఉండాలన్న మన వాదం ఎంత బలహీనమో దీనివల్ల తేలుతుంది.

'సైనికుడు' అన్న మాట ఒక్కటే అయినా, తుపాకీ ఎటు తిరిగి ఉన్నదన్నది మారుతుంది. ఈ పాఠం తెలంగాణకు ఒకరు చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైందని జనం సంతోషించారు. అదే సైన్యం ఆ తర్వాత 1951లో సాయుధ పోరాట విరమణ దాకా సంఘం పల్లెల మీదికి నడిచింది. తెలంగాణ రైతు కథను చెప్పిన సుంకర, వాసిరెడ్డిల 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. సైనికుణ్ణి సైనికుడిగా మాత్రమే పొగిడే పాటను 1949లో నల్లగొండ పల్లెలో ఎవరు పాడగలిగి ఉండేవారు?

కళాకారుడి వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే విమర్శ అన్యాయమవుతుంది. 'గబ్బిలం' రాసిన జాషువా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా పనిచేశాడు. అంతకుముందు ఆయన మూగ సినిమాలకు కథ చెప్పాడు, బడిపంతులుగా బతికాడు. కులం అడుగడుగునా తలుపులు మూసిన మనిషికి ఏ కొలువు కొలువో ఇంట్లో తిండిగింజలున్న వాళ్లం తీర్పు చెప్పడం తేలిక. ఆ జాషువాయే 1932లో 'ఫిరదౌసి' రాశాడు. పద్యానికో బంగారు నాణెమని విజేత అయిన సుల్తాను ఇచ్చిన మాటను నమ్మి, జీవితం ధారపోసి మోసపోయిన కవి కథ అది. ప్రభువు గెలుపును పాడిన కవికి ప్రభువు దగ్గర ఏం మిగులుతుందో ఆయనకు ముందే తెలుసు. కాబట్టి మన విమర్శ కూలికి పోయిన కళాకారుడి మీద కాదు, కూలి ఇచ్చి పాటను ఎంచే చేతి మీద ఎక్కుపెట్టాలి. ఎంచుకునే స్తోమతు ఉన్న తారల విషయంలో మాత్రం ఈ మినహాయింపు చెల్లదు.

తేలేదేమిటి? కళాకారుడు సైనికుడి దగ్గరికి వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. యూనిఫారం తొడుక్కున్న రైతు బిడ్డను, కూలి బిడ్డను పాలకుల పాటకే వదిలేయడం ప్రజాకళ ఓటమి. కాని కార్యక్రమాన్ని సైన్యాధికారి చేతికి అప్పగించి వెళ్లకూడదు. శిబిరంలో పాడిన పాటను ఆ జవాను తల్లి ముందు తలెత్తుకుని పాడగలగాలి. అతని తుపాకీకి ఎదురుగా ఉన్న ఊళ్లోనూ పాడగలగాలి. ఈ రెండు చోట్లా నిలబడగలిగిన పాట కళ. శిబిరంలో మాత్రమే చెల్లే పాట రేషను సరుకులాంటిది, దాన్ని ఏ గుమాస్తా అయినా పంచగలడు.

అలాంటి పాటలు, కథలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? సైనికుడి మీద మన సాహిత్యం స్తుతి పద్యంగానో, మౌనంగానో మిగిలింది. అతని సెలవు, అతని ఉత్తరం, అతని అనుమానం, ఎదుటి కందకంలో ఉన్నవాడి గురించి అతను ఏమనుకుంటాడన్నది ఇంకా రాయవలసే ఉంది. ఆ రచనలు వచ్చిన రోజున, శిబిరం గేటు దగ్గర ఆపేసిన రాజకీయ వంతను లోపలికి పిలవమని జవానే అడుగుతాడు.